సంఖ్లబురి: మన యాత్రికుల అపోహలు, అక్కడి వాస్తవాలు

తెలుగు బృందాలను థాయ్‌లాండ్ పడమటి సరిహద్దుకు, కాంచనబురి ప్రావిన్సులోని సంఖ్లబురికి తీసుకెళ్లే యాత్రలు ఏర్పాటు చేయడం నా పని. మనవాళ్లు బ్యాంకాక్, పట్టాయా చూసి వెనక్కి వచ్చేస్తుంటారు. సంఖ్లబురి దాకా వచ్చే కొద్దిమందీ ఆ ప్రాంతం గురించి తప్పుడు సమాచారంతో వస్తున్నారు. ఎక్కువగా వినిపించే అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సంఖ్లబురి ఒక జిల్లా. అక్కడో కలెక్టరు ఉంటాడు.

అది అంఫో. మన లెక్కలో మండలానికి దగ్గర. బ్యాంకాక్ కాక దేశంలో 76 ప్రావిన్సులు ఉన్నాయి. వాటి కింద 878 అంఫోలు, అంఫోల కింద తంబోన్లు, వాటి కింద ముబాన్లు, అంటే గ్రామాలు. అయితే మండలం అనగానే చిన్నదనుకోకండి. సంఖ్లబురి విస్తీర్ణం సుమారు 3,349 చదరపు కిలోమీటర్లు, గోవా కంటే కొంచెమే తక్కువ. అంత నేలకీ తంబోన్లు మూడే: నోంగ్ లూ, ప్రాంగ్ ఫ్లే, లాయ్ వో. మిగతాదంతా కొండలూ అడవులూ. లాయ్ వో వైపు అడవి థుంగ్‌యాయ్ నరేసువన్ అభయారణ్యంలో భాగం. దానికి 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

పాలన రెండు దారుల్లో నడుస్తుంది. అంఫో అధికారి అయిన నాయ్ అంఫోను అంతర్గత వ్యవహారాల శాఖ నియమిస్తుంది, జనం ఓటేయరు. గ్రామ పెద్దను ఊరివాళ్లే ఎన్నుకుంటారు గానీ, ఎన్నికయ్యాక 60 ఏళ్లు నిండేదాకా ఆ పదవిలో ఉండొచ్చు. తంబోన్ పెద్ద కమ్నాన్ ఆ గ్రామ పెద్దల్లోంచే వస్తాడు. ఈ ఏర్పాటుకు మూలం 1914 నాటి చట్టం. ఇది ఒక దారి. రెండోది 1994 చట్టంతో వచ్చిన తంబోన్ పాలక మండలి, అచ్చంగా మన పంచాయతీలా ఎన్నికలతో నడిచేది. వీధి దీపం వెలగకపోతే మండలికి చెప్పుకోవాలి, ఇంటి రిజిస్టరులో పేరెక్కాలంటే అంఫో కార్యాలయానికి వెళ్లాలి.

అపోహ: ఆ సరస్సు ప్రకృతి వరం. దాని మీది చెక్క వంతెన వందల ఏళ్ల నాటిది.

రెండూ 1980లలో వచ్చినవే. అక్కడ సోంగ్‌కాలియా, బిఖ్లీ, రాంటీ అనే మూడు ఏర్లు కలిసి ఖ్వే నోయ్ నది అవుతుంది. దిగువన థోంగ్ ఫా ఫూమ్‌లో 92 మీటర్ల ఎత్తున ఖావో లేమ్ ఆనకట్ట కట్టి 1984లో పూర్తిచేశారు. ఇప్పుడు దాని పేరు వజిరలోంగ్‌కోర్న్ ఆనకట్ట. 300 మెగావాట్ల కరెంటు వచ్చింది, పాత సంఖ్లబురి ఊరు మునిగింది. మన పోలవరం, శ్రీశైలం ముంపు గ్రామాల గురించి తెలిసినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. ఎండాకాలంలో నీరు తగ్గితే మునిగిన పాత గుడి గోడల దగ్గరికి నడిచి వెళ్లొచ్చు. తడి ఇటుకల మధ్య పూలమ్మే మోన్ జాతి పిల్లలు కనిపిస్తారు.

వంతెన కట్టించింది లువాంగ్ ఫో ఉత్తమ అనే మోన్ బౌద్ధ భిక్షువు. 1910లో బర్మాలో పుట్టి, 1949లో ఇటు వచ్చారు. ముంపులో ఇళ్లు పోయినవాళ్లను కొత్త ఊళ్లో స్థిరపరచడంలో ముందు నిలిచారు. ఊరివాళ్ల చేతులతోనే వంతెన లేచింది. 2013 జూలై వరదలకు మధ్యలో తెగిపోతే, గ్రామస్థులు వెదురు తెప్పలు కట్టి తాత్కాలిక దారి వేసుకున్నారు. 2014లో మళ్లీ చెక్క వంతెన తెరిచారు. ఆయన హయాంలోనే కట్టిన చేదీ, అంటే బౌద్ధ స్తూపం, మన బుద్ధగయ మహాబోధి ఆలయ నమూనాలో ఉంటుంది.

అపోహ: అక్కడుండేది బర్మా నుంచి పారిపోయి వచ్చినవాళ్లే.

ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. శరణు కోరి వచ్చినవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ కరెన్ ప్రజలు అక్కడ తరతరాలుగా ఉన్నారు. 19వ శతాబ్దంలో సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజులు ఆ సరిహద్దు పాలనను కరెన్ నాయకుడికే అప్పగించి ఫ్రా సీ సువన్నఖీరి అనే బిరుదిచ్చారు. అలాంటి నేల మీద ఇవాళ్టికీ పౌరసత్వం లేనివాళ్లు ఎందరో. వాళ్ల దగ్గర ఉండేది గులాబీ రంగు కార్డు. కార్డు రకాన్ని బట్టి, నిర్ణీత ప్రాంతం దాటి వెళ్లాలంటే అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది. పౌరసత్వ దరఖాస్తు మొదలయ్యేది అంఫో కార్యాలయంలోనే. అందుకే ఆ కార్యాలయం బల్లల ముందు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలివాళ్లను ఫొటోలు తీయొద్దని మా బృందాలకు గట్టిగా చెబుతాను.

అపోహ: గుడి బోర్డు మీద గుండ్రటి అక్షరాలు తెలుగే. మోన్లు మన తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లే.

ఆ బోర్డు ముందు నిలబడి "ఇది మన 'ర' కదా" అనేవాళ్లను చాలామందిని చూశాను. పోలిక ఊరికే రాలేదు. మోన్ లిపి దక్షిణ భారత లిపుల నుంచి పుట్టింది, బర్మీస్ లిపికి అదే మూలం. తెలుగు లిపీ అదే బ్రాహ్మీ వంశం. కానీ లిపి వేరు, భాష వేరు. మోన్ ద్రావిడ భాష కాదు, ఖ్మేర్‌లా ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలోని ముండా శాఖ భాషను మన దగ్గర మాట్లాడేది శ్రీకాకుళం, పార్వతీపురం మన్యాల్లోని సవరలు. చుట్టరికం వెతికితే మోన్ భాషకు దూరపు బంధువు మన సవర భాష.

అపోహ: 1767లో సయాం రాజధాని అయుత్తయను కూల్చిన బర్మా సేన సంఖ్లబురి సరిహద్దులోని మూడు పగోడాల కనుమ మీదుగా వచ్చింది.

అప్పుడు నగరాన్ని చుట్టుముట్టిన ప్రధాన సేనల్లో ఒకటి ఉత్తరాన లాన్ నా వైపు నుంచి, మరొకటి దక్షిణాన తవోయ్ వైపు నుంచి వచ్చాయి. ఈ కనుమ గుండా పెద్ద దండు వచ్చింది 1548లోనూ, 1785లో బర్మా రాజు బోదవ్‌పయా దండయాత్రలోనూ. కనుమ ఎత్తు 282 మీటర్లే కాబట్టి సేనలకు వీలైన దారి. పగోడాలు చిన్నవి, తెల్లటివి. పెద్ద గోపురాలు ఊహించుకుని రావద్దు.

శిలాఫలకం మీద 2527 అని ఉంటే కంగారు పడకండి. అది బౌద్ధ శకం, 543 తీసేస్తే 1984.

అపోహ: మరణ రైలుమార్గంలో చనిపోయింది తెల్లవాళ్లే. ఇప్పటికీ రైల్లో కనుమ దాకా వెళ్లొచ్చు.

రైలు నామ్ తోక్ దగ్గరే ఆగిపోతుంది. ఆపైన పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తీసేశారు, అక్కడి నుంచి 323 నంబరు రోడ్డే దిక్కు. జపాన్ సైన్యం వేయించిన ఆ 415 కిలోమీటర్ల మార్గం థాయ్‌లాండ్, బర్మా రెండు వైపుల నుంచీ వచ్చి 1943 అక్టోబరు 17న కలిసింది ఈ సంఖ్లబురి నేల మీదే, కోన్‌కోయిటా దగ్గర.

యుద్ధ ఖైదీలు 60 వేలకు పైగా పనిచేశారు, 12 వేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు దాదాపు 2 లక్షలని, వాళ్లలో 90 వేల మంది దాకా చనిపోయారని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన భారతీయుల్లో తమిళులే ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. కలరా, మలేరియా, ఆకలి వాళ్లను తినేశాయి. కాంచనబురి పట్టణంలోని యుద్ధ శ్మశానంలో దాదాపు 7 వేల సమాధులున్నాయి, ఒక్కోదాని మీదా ఫలకం ఉంది. అవి సైనికులవి. మన కూలీలకు అలాంటి వరసలు లేవు.

మీకు మలేసియాలో బంధువులుంటే, తాతల కాలంలో ఎవరైనా సయాం రైలు పనికి వెళ్లారేమో పెద్దవాళ్లను అడగండి. మనిషి పేరు, తోట పేరు, సొంతూరు తెలిస్తే వెంటనే రాసి పెట్టుకోండి. ఆ సంగతులు గుర్తున్నవాళ్లు ఇప్పటికే తొంభై ఏళ్లు దాటినవాళ్లు.