పంతంగి టోల్‌గేటూ, ఇంట్లో రూటరూ

ఆన్‌లైన్ ఆట తడబడుతోందని 100 ఎంబీపీఎస్ నెట్ ప్లాన్‌ని 300కి మార్చుకుంటారు. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది. మూడో రోజు సాయంత్రం ఇంట్లో ఎవరో పెళ్లి వీడియోలు గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కించడం మొదలుపెడతారు. తెరమీది మనిషి నాలుగడుగులు ముందుకు పరిగెత్తి, ఎవరో చొక్కా పట్టుకు లాగినట్టు మళ్లీ మొదటికొస్తాడు. బిల్లు పెరిగింది, జబ్బు అక్కడే ఉంది.

తుపాకుల ఆటలకు కావాల్సిన డేటా చాలా తక్కువ. చాలావాటికి 1 ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు. కాకపోతే అది వేళకు రావాలి. సెకనుకు 64 సార్లు లెక్క చూసుకునే ఆట కంపెనీ సర్వర్‌కు, మీ మెషీన్‌కు మధ్య దాదాపు 15.6 మిల్లీసెకండ్లకోసారి చిన్న ప్యాకెట్లు నడుస్తుంటాయి. మీరు కీ నొక్కగానే కంప్యూటర్ సర్వర్ జవాబు కోసం ఆగదు. ‘వెళ్లే ఉంటాడులే’ అని అంచనా వేసి బొమ్మను కదిలించేస్తుంది. కాసేపటికి సర్వర్ నుంచి అసలు లెక్క వస్తుంది. రెండూ కుదరకపోతే సర్వర్ మాటే చెల్లుతుంది. మనిషి వెనక్కి లాగబడేది అప్పుడే.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వెనక్కి లాగుతోందా, లేక తెర మొత్తం ఒక్క క్షణం బిగుసుకుపోతోందా? తెర బిగుసుకుపోతే నెట్‌ను తిట్టి లాభం లేదు. ఇంటర్నెట్ అక్కర్లేని ప్రాక్టీస్ మోడ్‌లో పది నిమిషాలు ఆడండి. అక్కడా అదే తంతు అయితే తప్పు కంప్యూటర్ డబ్బాలోనే ఉంది. మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు గుచ్చడం, 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్ సెట్టింగుల్లో 60 దగ్గరే ఉండిపోవడం, రెండు ర్యామ్ స్టిక్కుల చోట ఒక్కటే ఉండటం, బయాస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగుల్లో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయక 3200 ర్యామ్ 2133 దగ్గరే నడవడం: రోజూ కనబడే కారణాలివే. ఎండాకాలం ఇంకోటి కలుస్తుంది. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. జనవరిలో 82 డిగ్రీల దగ్గర హాయిగా నడిచిన మెషీన్, మే నెల విజయవాడలో 95 దాటి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద వేడిని లాగే పాత థర్మల్ పేస్టు తుడిచేసి శనగగింజంత కొత్త పేస్టు పెడితే చాలాసార్లు కొత్త కార్డు కొనే పని తప్పుతుంది.

తప్పు నెట్‌దే అని తేలితే, తర్వాతి పని దాన్ని ముక్కలుగా కొలవడం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీలు తెరవండి. ఒకదాంట్లో మీ రూటర్ చిరునామాకు, అంటే ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని కనిపించే అంకెకు, పింగ్ పెట్టండి. చిన్న సందేశం పంపి, జవాబుకు ఎంతసేపు పట్టిందో కొలిచే ఆదేశమే పింగ్. చాలా ఇళ్లలో రూటర్ చిరునామా 192.168.1.1. రెండోదాంట్లో 1.1.1.1కు, అంటే బయటి ఇంటర్నెట్‌లో ఉండే క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్‌కు, పెట్టండి. చివర హైఫన్, టి (-t) చేరిస్తే మీరు ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. కేబుల్ మీదైతే రూటర్ జవాబు 1 మిల్లీసెకండ్ లోపే రావాలి. మంచి వైఫై మీద 2 నుంచి 5. ఫైబర్ ఉన్న ఇంట్లో 1.1.1.1 మామూలుగా 5 నుంచి 30 మధ్య ఉంటుంది. ఇక్కడ సగటును నమ్మొద్దు, ఎగుడుదిగుళ్లు చూడండి. స్థిరంగా 40 ఉన్న లైను మీద ఆడగలం. 12, 14, 11, 190, 13 అని గెంతే లైను మీద ఆడలేం.

రెండు కిటికీలూ ఒకేసారి గెంతితే గొడవ మీ ఇంటి గోడల మధ్యే ఉంది. రూటర్ నిలకడగా ఉండి రెండోది మాత్రమే గెంతితే అసలు సమస్య రూటర్ నుంచి బయటికి పోయే దారిలో ఉంది. ఒక మెలిక: కొన్ని రూటర్లు తమకొచ్చే పింగ్‌కు తీరిగ్గా జవాబిస్తాయి. రూటర్ 20 చూపిస్తూ 1.1.1.1 మాత్రం 9 చూపిస్తుంటే కంగారు అక్కర్లేదు, దారి బాగానే ఉంది. దారిలోని మజిలీలన్నీ చూపే ట్రేస్‌రూట్‌లోనూ అంతే. మధ్యలో ఒక మజిలీ 150 చూపి, ఆఖరి మజిలీ 30 చూపితే ఆ మధ్యవాడి తప్పేమీ లేదు.

ఇంట్లో గొడవ అంటే మొదట కేబుల్‌నే అనుమానించాలి. స్పీడ్ టెస్ట్‌లో 300 ప్లాన్ మీద సరిగ్గా 94 వస్తోందా? ఆ అంకె అన్నీ చెప్పేస్తుంది. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ (కేబుల్ నెట్) లైనులో ప్రతి ప్యాకెట్ మీదా ఉండే చిరునామా వగైరా పోను మిగిలేది అంతే. ఈథర్నెట్ వైరులో నాలుగు జతలుంటాయి. 1, 2, 3, 6 పిన్నుల మీది రెండు జతలు బాగుంటే 100 నడిచిపోతుంది. గిగాబిట్‌కు, అంటే 1000 ఎంబీపీఎస్‌కు, నాలుగు జతలూ కావాలి. మిగతా వాటిలో ఒక్క తీగ తెగినా రెండువైపుల పరికరాలు చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. సెట్టింగుల్లో ఈథర్నెట్ దగ్గర లింక్ స్పీడ్ 1000 అని ఉండాలి. 100 ఉంటే కేబుల్ మార్చండి, ప్లాన్ కాదు.

కనెక్టర్ మనమే బిగిస్తే ఇంకో ఉచ్చు ఉంది. రంగులు జతజతగా వరసలో పెట్టేస్తే చూడ్డానికి చక్కగా ఉంటుంది. చవక టెస్టర్‌లో 8 లైట్లూ వెలుగుతాయి. గిగాబిట్ మాత్రం నిలవదు. కారణం, 3, 6 పిన్నులు ఒక జత, వాటి మధ్యలో 4, 5 ఇంకో జత. వరసలో పెడితే 3, 6 మీదికి వేర్వేరు జతల తీగలు వస్తాయి. ఒకదానికొకటి మెలిపడి లేని తీగలు పక్కవాటి సంకేతాన్ని లాగేసుకుంటాయి. టెస్టర్ తీగ కలిసిందా లేదా అని మాత్రమే చూస్తుంది, ఎవరితో మెలిపడిందో చూడదు. సరైన వరస ఇదీ: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లకు మించకూడదు. కొనేటప్పుడు అచ్చమైన రాగి అని అడిగి కొనండి. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ సగం ధరకే దొరుకుతుంది గానీ, నాలుగుసార్లు వంచితే లోపల విరుగుతుంది. మామూలు క్యాట్ 5ఈ గిగాబిట్‌ను 100 మీటర్ల దాకా మోస్తుంది. రెండు గదుల దూరానికి క్యాట్ 8 అంటగట్టేవాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

వైఫై గురించి ఎంత తక్కువ ఆశ పెట్టుకుంటే అంత మంచిది. ఒక ఛానల్‌లో ఒకసారికి ఒకరే మాట్లాడాలి. ఇద్దరు కలిసి మాట్లాడితే ఇద్దరి మాటా పాడై, మళ్లీ పంపాల్సి వస్తుంది. ఆ మళ్లీ పంపడమే మీ పింగ్‌లో గెంతు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలకుండా ఉండేవి 1, 6, 11 ఛానళ్లే. ఖాళీగా ఉందని 3 ఎంచుకుంటే అటు 1 వాళ్లతోనూ ఇటు 6 వాళ్లతోనూ తగువే. అపార్ట్‌మెంట్‌లో పైనా కిందా ఇరవై రూటర్లు కనబడుతుంటే ఆ బ్యాండ్‌ను బల్బులకూ సీసీ కెమెరాలకూ వదిలేసి, ఆటకు 5 గిగాహెర్ట్జ్ వాడండి. అది కాంక్రీటు గోడను బాగా దాటలేదు నిజమే. పొరుగువాడి 5 గిగాహెర్ట్జ్ మన ఇంట్లోకి రాకపోవడం కూడా అందువల్లే. రూటర్‌ను టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన, ఇనప బీరువా మీద పెట్టకండి. ఒకే రేడియోతో విని, అదే రేడియోతో తిరిగి చెప్పే రిపీటర్ ఆటకు పనికిరాదు. ప్రతి మాటా గాలిలో రెండుసార్లు నడిచి వేగం సగానికి సగం పడిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. కేబుల్ బాగుంది, వైఫై పక్కన పెట్టేశారు, ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ 10. ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టి, నడుస్తున్న పింగ్ కిటికీ చూడండి. 10 కాస్తా 200, 400 అయితే మీ ఇంట్లో ఉన్నది బఫర్‌బ్లోట్.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. పంతంగి టోల్‌గేట్ దగ్గర వాహనాలు బారులు తీరతాయి. అంబులెన్స్ అయినా ఆ బారులోనే ఇరుక్కుంటుంది. రూటర్‌లోనూ, నెట్ కంపెనీ బిగించే ఫైబర్ పెట్టెలోనూ ఇలాంటి బారే ఉంటుంది, దాన్ని బఫర్ అంటారు. వీడియో పంపే టీసీపీ పద్ధతి ఎలా ఉంటుందంటే, ప్యాకెట్ పోయిందని తెలిసేదాకా వేగం పెంచుతూనే పోతుంది. తయారీదారులు ప్యాకెట్ పోకూడదని పెద్ద బఫర్ పెట్టారు. పోదు కాబట్టి టీసీపీకి ఆగమన్న కబురే అందదు, బారు నిండిపోతుంది. లెక్క వేయండి: అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్, బఫర్ 1 మెగాబైట్, అంటే 8 మెగాబిట్లు. బారు ఖాళీ కావడానికి 0.4 సెకను. మీ తుపాకీ గుండు 400 మిల్లీసెకండ్లు పెళ్లి వీడియో వెనక నిలబడుతుంది.

జిమ్ గెటిస్ అనే ఇంజనీర్ 2010లో తన ఇంటి లైను మీదే దీన్ని పట్టుకుని బయటపెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే మందు తెచ్చారు. బారు ఎంత పొడుగుందని కాదు, ప్రతి ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని అది చూస్తుంది. నిరీక్షణ 100 మిల్లీసెకండ్లపాటు 5 మిల్లీసెకండ్ల కిందికి దిగకపోతే ఒక ప్యాకెట్‌ను కావాలనే పారేస్తుంది. పంపేవాడికి కబురు అందుతుంది, తగ్గుతాడు. దాని తర్వాతి రూపం ఎఫ్‌క్యూ-కోడెల్ ఒక్కో ప్రవాహానికి ఒక్కో బారు కట్టి, తక్కువ పంపేవాణ్ణి ముందుకు వదులుతుంది. ఆట ప్యాకెట్లకు సొంత గేటు దొరికినట్టే. ఇదీ, దీని తమ్ముడు కేక్ కూడా రూటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఎస్‌క్యూఎం పేరుతో దొరుకుతాయి.

పెట్టడం ఇలా. రాత్రి ఎవరూ వాడనప్పుడు కేబుల్ మీద మూడుసార్లు స్పీడ్ కొలిచి, అందులో తక్కువ అంకె తీసుకోండి. దానిలో 85 నుంచి 90 శాతం ఎస్‌క్యూఎంలో రాయండి, డౌన్‌లోడ్‌కూ అప్‌లోడ్‌కూ విడివిడిగా. ఆ పది శాతం ఎందుకు వదులుకోవాలని అడుగుతారు. బారు ఎప్పుడూ అన్నింటికన్నా ఇరుకైన చోటే తయారవుతుంది. ఆ ఇరుకు కంపెనీ పెట్టెలో ఉంటే మన మాట చెల్లదు. కొంచెం ఇరుకు మన రూటర్‌లోనే సృష్టిస్తే బారు మన గేటు ముందుకొస్తుంది. రూటర్‌లో వేగాన్ని పెంచే హార్డ్‌వేర్ న్యాట్ (ఇంటి చిరునామాలను బయటి చిరునామాగా మార్చే పని న్యాట్) లాంటివి ఆన్‌లో ఉంటే ఆపేయండి, అవి ఈ గేటును తప్పించుకుని పోతాయి. ఇదంతా ప్రాసెసర్‌కు పనే కాబట్టి చవక రూటర్ పెద్ద ప్లాన్ మీద ఆయాసపడుతుంది. అలాంటప్పుడు అప్‌లోడ్ వైపు మాత్రమే పెట్టినా ఎంతో తేడా. రూటర్‌లో ఆ సౌకర్యమే లేకపోతే ఆటలు దించుకునే స్టీమ్ యాప్‌లో డౌన్‌లోడ్ వేగానికి, క్లౌడ్ బ్యాకప్ యాప్‌లో అప్‌లోడ్‌కు హద్దు పెట్టుకోండి. రాత్రింబవళ్లు క్లౌడ్‌లోకి వీడియో తోసే సీసీ కెమెరాను మరచిపోకండి. ఎనిమిది యాంటెన్నాలు, ఎర్ర లైట్లు ఉన్న ‘గేమింగ్’ రూటర్‌కు డబ్బు పెట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇందులో ఎస్‌క్యూఎం ఉందా?

దూరానికి మాత్రం మందు లేదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్లకు పోయి రావడానికి 1 మిల్లీసెకండ్. హైదరాబాద్ నుంచి ముంబై సర్వర్‌కు 700 కిలోమీటర్లనుకుంటే 7 కన్నా తగ్గదు. చెన్నై మీదుగా సముద్రం అడుగున సింగపూర్ వెళ్లాలంటే 35కు పైనే. డల్లాస్‌లో ఉన్న అన్నయ్యతో గుంటూరు తమ్ముడు ఆడాలంటే కాంతికే 140 దాకా పడుతుంది, అసలు దారి తిన్నగా పోదు కాబట్టి 200 దాటడం మామూలే. ఏ రూటరూ దీన్ని తగ్గించలేదు.

ఫైబర్ పెట్టెలో అందే కాంతి ఎంతో దాని పేజీలోనే కనిపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే అంచు మీద ఉన్నట్టు. ప్రతి 3 డీబీకి వెలుతురు సగమవుతుంది. టీవీ స్టాండ్ వెనక వైరు నలిగి వంగిందేమో చూడండి, మెలికను చిన్న గిన్నె మూతంత వెడల్పుగా వదలండి. ఆకుపచ్చ కనెక్టర్ మొన 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది, దాన్ని నీలం సాకెట్‌లో గుచ్చితే వెలుతురు వృథా. మొనను వేలితో తాకొద్దు, కంటితో లోపలికి చూడొద్దు. ఆ కాంతి కనబడదు గానీ లేజరే.

గేమ్ కన్సోల్‌లో న్యాట్ ‘స్ట్రిక్ట్’ అని వచ్చి స్నేహితుల గొంతు వినబడకపోతే అది వేరే కథ. కంపెనీ పెట్టె, దాని వెనక మీ సొంత రూటర్ రెండూ చిరునామాలు మారుస్తుంటాయి. పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లోకో, మీ రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకో మార్చాలి. అయినా పోకపోతే రూటర్ పేజీలో వ్యాన్ (WAN, అంటే బయటి నెట్ వైపు) చిరునామా చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కంపెనీ వాళ్లే ఒక చిరునామాను ఎంతోమందికి పంచుతున్నారు. మీరు ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఇచ్చే మారని చిరునామా) గానీ ఐపీవీ6 (కొత్త తరం చిరునామా) గానీ అడగాలి.

సాయంత్రం 8 నుంచి 11 మధ్య మాత్రమే, ఇంట్లో ఎవరూ వాడకపోయినా, రూటర్ 1 దగ్గరే ఉండి 1.1.1.1 మాత్రం 8 నుంచి 90కి పోతుంటే కిక్కిరిసింది బయటి దారి. కస్టమర్ కేర్‌కు ‘నెట్ స్లో’ అని చెబితే రూటర్ ఆపి ఆన్ చేయమంటారు. కేబుల్ మీద తీసిన రెండు కిటికీల స్క్రీన్‌షాట్లు, వేళలతో సహా, మూడు రోజులవి పంపండి.