కచేరీలో కలం ఎవరిది? గంజాం, కొరాపుట్ సీమల్లో ఉద్యోగ భాష కథ

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఒక పనిదినం గడిపితే నాలుగైదు భాషలు చెవిన పడతాయి. పెద్ద ఆఫీసులో ఫైలు ఇంగ్లీషులో నడుస్తుంది. కింది ఆఫీసుకు ఉత్తర్వు ఒడియాలో వస్తుంది. అంగడిలో బేరం తెలుగులో సాగుతుంది. కొండ దిగి వచ్చిన కూలీలు తమలో తాము తమ కొండ భాషలైన సవరలోనో కువిలోనో మాట్లాడుకుంటారు. వినేవాడికి ఇది ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇది పై నుంచి కిందికి పేర్చిన వరుస. ఎవరు కుర్చీలో కూర్చుంటారో, ఎవరు బల్ల ముందు నిలబడతారో, ఎవరు గుమ్మం బయటే ఆగిపోతారో చాలావరకు ఈ వరుసే తేలుస్తుంది.

ఈ జిల్లాల తెలుగువాళ్లు ఉద్యోగాల్లో తమకు జరిగిన నష్టం చెప్పుకునేటప్పుడు కథను 1936 ఏప్రిల్ 1న, ఒడిశా రాష్ట్రం ఏర్పడిన రోజున, మొదలుపెడతారు. ఆ బాధ నిజమైనదే. అయితే అంతకు ముందు నూరేళ్లకు పైగా నడిచిన కథను వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఆ సగంలో కుర్చీలో ఉన్నది మనవాళ్లే.

బరంపురం, పర్లాకిమిడి, జయపురం అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. ఉత్తర సర్కారులు 1760ల్లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినప్పుడు గంజాం కూడా వాటితోనే వచ్చింది. జిల్లాకు పెద్ద కలెక్టరు దొర. దొరకూ రైతుకూ నడుమ శిరస్తాదారు, మున్షీ, గుమాస్తా, అమీను ఉండేవారు. రోజువారీ అధికారమంతా ఈ నడిమి అంతస్తులోనే ఉండేది. అర్జీ ఎప్పుడు దొర బల్ల మీదికి వెళ్లాలో, వాంగ్మూలంలో ఏ మాట కాగితం మీదికి ఎక్కాలో, ఏది ఎక్కకూడదో వాళ్ల చేతిలో ఉండేది. సర్కారు జిల్లాల కచేరీ, అంటే ప్రభుత్వ కార్యాలయ వ్యవహారానికి తెలుగే వాడుక కావడంతో ఆ కొలువులు ఎక్కువగా తెలుగువాళ్లకే దక్కాయి. గంజాం ఉత్తర భాగంలో ఒడియా తప్ప మరొకటి రాని రైతు తన శిస్తు తగాదాను తనకు రాని భాషలో రాయించుకోవలసి వచ్చేది. ఒడియా నాయకులు దశాబ్దాల పాటు చేసిన ఫిర్యాదు ఇదే.

ఆ గుమాస్తా స్వభావరీత్యా చెడ్డవాడని అనుకోనక్కర్లేదు. ప్రభుత్వం పెట్టిన నియమం అతని ఇంటి భాషకు విలువ కట్టింది, పక్కవాడి ఇంటి భాషకు కట్టలేదు. ఆ విలువ మీద అతని బావమరిదికి కొలువు దొరికింది, కొడుకుకు బడి దొరికింది. ఒకసారి ఇలా కుదురుకున్న వర్గం తన సౌకర్యాన్ని లోకసహజమని నమ్మడం మొదలుపెడుతుంది. ఒడియాలో కూడా అర్జీలు తీసుకోవాలన్న కోరిక అలాంటి కచేరీకి అదనపు చాకిరీగా కనిపించి ఉంటుంది.

ఒడియావాళ్లకు ఇది ఒక్క గంజాంలోనే ఎదురైన కష్టం కాదు. కటక్, బాలాసోర్ వైపు కచేరీల్లో బెంగాలీ ఉద్యోగుల పైచేయి ఉండేది. ఒడియా అసలు విడి భాషే కాదని, బడుల్లో బెంగాలీ చాలునని 1870 ప్రాంతంలో వాదించినవాళ్లు ఉన్నారు. మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) కింద ఉన్న సంబల్‌పూర్‌లో 1896లో ఒడియాను తీసేసి హిందీని కచేరీ భాష చేశారు. అక్కడ ఆందోళన రేగి, కొన్నేళ్లకు ఒడియా తిరిగి వచ్చింది. మూడు దిక్కులా మూడు భాషల గుమాస్తాలు. 1903 డిసెంబరులో ఒడియా నాయకుడు మధుసూదన్ దాస్ ఆధ్వర్యంలో కటక్‌లో ఒడియావాళ్ల సభ ఉత్కళ సమ్మిళని తొలిసారి కూడినప్పుడు ఒడియా ప్రాంతాలన్నీ ఒకే పాలన కిందికి రావాలన్న కోరిక వెనుక ఈ అనుభవం ఉంది. దాన్ని భాషాభిమానం అని మాత్రమే చదివితే అందులోని ఉద్యోగాల సంగతి, న్యాయస్థానంలో రైతు నిస్సహాయత కనిపించకుండా పోతాయి. కొన్నేళ్లకు ఆంధ్రోద్యమం మద్రాసులో తమిళుల పెత్తనం గురించి పలికిన మాటలు కూడా దాదాపు ఇవే. మనం దక్షిణానికి తిరిగి అడిగిన న్యాయాన్నే ఉత్తరాన మన పొరుగువాళ్లు మనల్ని అడిగారు.

1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు గంజాంలో తిరిగి ఒడియావాళ్ల కోరికను విచారించారు. 1930లో లండన్‌లో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశంలో పర్లాకిమిడి జమీందారు కృష్ణచంద్ర గజపతి ప్రత్యేక ఒడిశా రాష్ట్రం కావాలని గట్టిగా అడిగారు. 1931లో శామ్యూల్ ఓడొనెల్ అధ్యక్షతన సరిహద్దుల సంఘం ఏర్పడింది. అదే ఏడు జనాభా లెక్కలు జరిగాయి.

ఆ లెక్కల గొడవ ఈ కథకు గుండెకాయ లాంటిది. ఏ ఊరు ఎటు పోవాలో ఇంటి భాష తేలుస్తుందని అందరికీ తెలిసిపోయింది. ఇంటి భాష గడిలో ఏం రాయాలో లెక్క రాసే ఉద్యోగి తేలుస్తాడు. ఇక్కడ మనుషులకు రెండు భాషలు నోట్లో ఆడతాయి, ఇంట్లో ఒకటి, సంతలో ఒకటి. అలాంటి ఇంటికి తెలుగు ఉద్యోగి వెళ్తే ఒక జవాబు, ఒడియా ఉద్యోగి వెళ్తే మరో జవాబు నమోదయ్యే వీలుంది. రెండు పక్షాలూ ఒకరి మీద ఒకరు ఇదే ఆరోపణ చేసుకున్నారు. కచేరీలో కలం పట్టినవాడికి ఎంత బలం ఉంటుందో సరిహద్దు గీతే చూపించింది.

1933లో బ్రిటిష్ ప్రభుత్వం వెలువరించిన శ్వేతపత్రం పర్లాకిమిడిని, జయపురం సంస్థానాన్ని ఒడిశాకు ఇవ్వలేదు. ఆ తర్వాత బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త సంఘం స్థాయిలో నిర్ణయం మారింది. జయపురం మొత్తం ఒడిశాలో కలిసి కొరాపుట్ జిల్లా అయింది. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి, పట్టణంతో సహా కొంత భాగం ఒడిశాకు వెళ్లింది, మిగిలింది మద్రాసులో ఉండిపోయింది.

ఈ విభజనలో నష్టపోయినవాళ్లలో అందరికీ తెలిసిన పేరు గిడుగు రామమూర్తి. 1880లో ఉపాధ్యాయుడిగా పర్లాకిమిడికి వచ్చిన ఆయన జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిచింది. వాడుక తెలుగును బడిలోకి, పరీక్ష పత్రంలోకి తేవాలని ఆయన పోరాడింది ఆ ఊళ్లోనే. పర్లాకిమిడిని ఒడిశాలో కలపవద్దని వాదించి, కలిపాక అక్కడ ఉండలేక రాజమండ్రి చేరారు. 1940లో కన్నుమూశారు. ఆయన చేసిన పనుల్లో ఈ వ్యాసానికి అన్నిటికన్నా ముఖ్యమైనది వేరే ఉంది. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాషను ఆయన నేర్చుకున్నారు, ఆ భాషకు వాచకాలు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. తన భాషకు గౌరవం అడుగుతున్నవాడు తనకన్నా కింద ఉన్న భాషను ఇంత శ్రద్ధగా చూడడం ఆ కాలంలోనే కాదు, ఈ కాలంలోనూ అరుదు.

1936 తర్వాత బల్ల అటు తిరిగింది, కానీ ఒక్క రోజులో కాదు. దక్షిణ ఒడిశాలో భూమి చట్టాలు చాలాకాలం మద్రాసువే, 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం సహా. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా ఇక్కడి కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయం గొడుగు కిందే ఉన్నాయి. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ కవిత్వం రాశారు, ఏటా లక్ష రూపాయలు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. వాల్తేరులోని సైన్స్ కళాశాల ఆయన పేరునే మోసింది. పై అంతస్తులో రెండు భాషలకూ చోటుండేది. కింది కొలువులకు వచ్చేసరికి ఆ వెసులుబాటు లేదు. 1954లో ఒడిశా అధికార భాషా చట్టం వచ్చాక పరీక్ష రాయాలన్నా, పదోన్నతి పొందాలన్నా, పాత తెలుగు దస్తావేజు పట్టుకుని పొలం హక్కు నిరూపించుకోవాలన్నా ఒడియా కావలసి వచ్చింది. ఒకప్పుడు ఒడియా రైతు వెతుక్కున్నట్టే ఇప్పుడు తెలుగు రైతు అర్జీ రాసిపెట్టేవాణ్ని వెతుక్కున్నాడు.

దీనికి దేశం ఒక మందు సిద్ధం చేయకపోలేదు. 1956లో ఏడో సవరణతో 350ఎ, 350బి అధికరణాలు రాజ్యాంగంలో చేరాయి. ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే బాధ్యత మొదటిది, భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు రెండోది. అదే ఏడాది కేంద్రం ఇచ్చిన పత్రం, 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశం కలిసి కొన్ని సూత్రాలు ఒప్పుకున్నాయి. ఒక ప్రాంతంలో 15 నుంచి 20 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు ప్రచురించాలి. ఉద్యోగంలో చేరడానికి రాష్ట్ర భాష వచ్చి తీరాలన్న షరతు పెట్టకూడదు, ప్రొబేషన్ ముగిసేలోపు పరీక్ష పెట్టుకోవచ్చు. ఈ రెండో సూత్రం నా దృష్టిలో చాలా తెలివైనది. చేరే తలుపు తెరిచి ఉంచుతుంది, ప్రజల భాష నేర్చుకునే బాధ్యతను ఉద్యోగి మీదే పెడుతుంది. కానీ ఇవేవీ కోర్టులో నిలదీసి సాధించుకోగల హక్కులుగా మారలేదు. ఒడిశాలో తెలుగు బడులు తగ్గుతూ వచ్చాయి. ఇటు ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా బడులదీ అదే తీరు. రెండు రాష్ట్రాలూ అవతలి గట్టు మీది తమవాళ్ల గురించి ఆవేదన పడతాయి, తమ గట్టు మీద ఉన్న పొరుగువాళ్ల విషయంలో మౌనంగా ఉంటాయి.

ప్రభుత్వ కొలువు లేని చోట కూడా ఇదే లెక్క. గోపాలపూర్ నుంచి పూరీ దాకా తీరంలో తెప్ప నడిపే జాలర్లలో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. పూరీ పెంఠకటా పేట వాళ్లదే. సముద్రం మీద వల, గాలి, నీటి వాలు, చేప, అన్నీ తెలుగులో నడిచే పనులు. ఒడ్డుకు వచ్చాక సంఘం రిజిస్టరు, పడవ లైసెన్సు, రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల కోసం నవంబరు నుంచి మే దాకా పెట్టే వేట నిషేధపు ఉత్తర్వు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. పనిలో నిపుణుడు తెలుగువాడు, ఆ పని గురించి నిర్ణయం చదివి చెప్పేవాడు వేరొకడు. పడవ పట్టుబడ్డాక ఉత్తర్వులో ఏముందో తెలిసి ప్రయోజనం ఉండదు.

ఇక ఈ మొత్తం కథలో కలం ఒక్కసారి కూడా చేతికి రానివాళ్లు కొండ మీది జనం. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను ఏజెన్సీగా విడదీశారు. అక్కడ సవరకూ, కువి లాంటి భాషలు మాట్లాడే ఖోండుకూ ప్రభుత్వం అంటే వాళ్ల మాటను మార్చి చెప్పే దుబాసీయే. అతను తెలుగువాడో ఒడియావాడో కావచ్చు, షావుకారుతో బంధుత్వం ఉన్నవాడూ కావచ్చు. అప్పు పత్రంలో ఏం రాసి ఉందో తెలియకుండా వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్నవాళ్లు, కొరాపుట్‌లో గోతి అనే వెట్టికి లొంగినవాళ్లు ఎందరో. 1917 మద్రాసు చట్టం కొండవాళ్ల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా ఆంక్ష పెట్టింది. గోతిని 1948లో ఒడిశా నిషేధించింది. భూమికీ వెట్టికీ చట్టాలు వచ్చాయి గానీ, ఆ పత్రాలు ఏ భాషలో ఉండాలన్న ప్రశ్న పక్కనే ఉండిపోయింది. ఒడిశా ఏర్పడిన 1936లోనే గుణుపురం సీమలో మంగేయి గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి కల్పించారు. ఆ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. బడి వాచకం మాత్రం అటు ఒడియా లిపిలో, ఇటు తెలుగు లిపిలో అచ్చవుతుంది.

కొఠియా గ్రామాల తగాదా ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కొరాపుట్, పూర్వపు విజయనగరం జిల్లాల సరిహద్దులో ఉన్న ఆ ఊళ్ల కోసం ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2006లో కేసు తీర్పు తేలకుండానే ముగిసింది. అప్పటి నుంచి రెండు ప్రభుత్వాలూ పోటీపడి రేషన్, పింఛను, బడి, రోడ్డు ఇస్తున్నాయి. ఒకరు తెలుగు బోర్డు పెడితే ఇంకొకరు ఒడియా బోర్డు పెడతారు. ఆ ఊళ్ల జనంలో ఎక్కువమంది మాతృభాష కువి. రెండు రాష్ట్రాల నుంచీ ఉద్యోగులు వస్తారు గానీ కువి తెలిసినవాణ్నే పంపాలన్న నియమం మాత్రం కనిపించదు.

1956 నుంచి ఉన్న ప్రొబేషన్ సూత్రాన్నే ఇక్కడికి తేవచ్చు. గజపతి, రాయగడ, కొరాపుట్ కొండ మండలాల్లోనూ, ఇటు పార్వతీపురం, శ్రీకాకుళం మన్యంలోనూ నియమించే రెవెన్యూ, అటవీ, ఆరోగ్య ఉద్యోగులు రెండేళ్లలోగా సవరలోనో కువిలోనో మాట్లాడగలగాలని షరతు పెట్టాలి. ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లకు అదనపు మార్కులు ఇవ్వాలి. రెండు ప్రభుత్వాలూ తమ సర్వీసు నిబంధనల్లోనే దీన్ని చేర్చుకోవచ్చు. పరీక్ష పెట్టేవాళ్లు మాత్రం ఆ ఊళ్లవాళ్లే అయి ఉండాలి.