గాజు పలకల్లో పసిఫిక్ దీవులు: అపోహలు, వాస్తవాలు

పాత గాజు నెగెటివ్‌లు, అంటే ఫిల్ముకు బదులు ఫొటోలు తీయడానికి వాడిన గాజు పలకలు, స్కాన్ చేయడం నా పని. పసిఫిక్ దీవుల మిషనరీ ఫొటోలు చూపించినప్పుడల్లా వినే మాటలు ఇవి.

అపోహ: మిషనరీ అంటే ఫొటోలోని తెల్లదొర.

వాస్తవం: దొర మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు కాబట్టి అలా అనిపిస్తుంది. పక్కన తెల్లచొక్కా వేసుకుని, నడుముకు గుడ్డ చుట్టుకుని నిలబడ్డ మనిషిని చూడండి. కింద ‘నేటివ్ టీచర్’ అని రాసి వదిలేస్తారు, పేరుండదు. ఊళ్లలో కాపురముండి బోధించింది ఎక్కువగా వాళ్లే. 1871లో లండన్ మిషనరీ సొసైటీ ఆస్ట్రేలియా, న్యూ గినీల మధ్య టోరెస్ జలసంధిలోని డార్న్లీ దీవిలో దిగినప్పుడు వెంట వచ్చిన బోధకులు పసిఫిక్‌లోని లాయల్టీ దీవులవాళ్లే. 1875లో మెథడిస్టు (ఒక ప్రొటెస్టెంట్ శాఖ) మిషనరీ జార్జ్ బ్రౌన్ న్యూ గినీకి తూర్పునున్న న్యూ బ్రిటన్ దీవి వైపు వెళ్లింది ఫిజీ, సమోవా బోధకులతోనే. 1878లో నలుగురు ఫిజీ బోధకులను అక్కడ చంపేశారు. బ్రౌన్ కెమెరా బాగా తెలిసినవాడు, అతని గాజు పలకలు ఇప్పటికీ ఉన్నాయి.

అపోహ: రంగుల లాంతర్ స్లైడ్‌లో (దీపం వెలుగుతో తెర మీద చూపించే గాజు బొమ్మలో) కనిపించేవి అసలు రంగులే.

వాస్తవం: అవి కుంచెతో అద్దినవి. అద్దినవాళ్లు దీవి మొహం చూసి ఉండకపోవచ్చు. మిషనరీల స్వదేశంలో చందాల సభల్లో తెర మీద చూపించాలి కదా! నలుపుతెలుపు బొమ్మనూ పూర్తిగా నమ్మలేం. ఆనాటి మామూలు పలకల మీద నీలం బాగా పడుతుంది, ఎరుపు పడదు. అందుకే ఆకాశం వెలవెలబోతుంది, ఎర్రగుడ్డ నల్లబడుతుంది, చామనచాయ ముఖాలు ఉన్నదానికంటే నల్లగా వస్తాయి.

పలకను తడిగుడ్డతో తుడిస్తే బాగుపడుతుందనేది అపోహ కూడా కాదు, ప్రమాదం. బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర ఉబ్బి ఊడొస్తుంది. అంచులు పట్టుకుని వెలుగుకు వాల్చి చూడండి: నిగనిగలాడేది గాజు, మసకగా ఉన్నది బొమ్మ ఉన్న వైపు. అది చూసుకోకుండా తిరగేసి స్కాన్ చేస్తే కుడిఎడమలు తారుమారే. ఒకసారి నేనే చేశాను. పడవ మీది అక్షరాలు తిరగబడి కనిపించాక గానీ తెలియలేదు.

ఇక మనవాళ్లు అడిగేది: “ఫిజీ వెళ్లిన మా ముత్తాత వీటిలో ఉంటాడా?” 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తెలుగువాళ్లూ గిర్మిట్ (ఒప్పందం) కూలీలుగా ఫిజీ వెళ్లారు. 1897లో ఫిజీలోని సువా చేరిన హన్నా డడ్లీ వంటి మెథడిస్టులు భారతీయుల మధ్యే పనిచేశారు. కాబట్టి ఉంటే ఉండొచ్చు. కానీ ఫొటో కింద సాధారణంగా ‘కూలీలు’ అనే ఉంటుంది. పేరు కావాలంటే వలస పాసు వెతకాలి. అందులో తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటి మీది మచ్చలు కూడా రాసేవారు. ఆ మచ్చ ముఖం మీదుంటే చెప్పండి, భూతద్దం తీస్తాను.