పువ్వుల ఫొటోలు: లాల్‌బాగ్‌లో తరచూ వినే అపోహలు

నేను నర్సరీల క్యాటలాగులకు మొక్కల ఫొటోలు తీస్తాను. బెంగళూరు లాల్‌బాగ్ తోటలో ట్రైపాడ్ నిలబెడితే ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తారు. తెలుగువాళ్లయితే కబుర్లు ఇంకాస్త సాగుతాయి. వాళ్లు గట్టిగా నమ్మే సంగతులు కొన్ని.

అపోహ: మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే లెన్స్) కొంటే చాలు.

వాస్తవం: అసలు తిప్పలు కొన్నాకే మొదలవుతాయి. పువ్వుకు దగ్గరయ్యేకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతు కరిగిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాతో, సెన్సర్ మీద పువ్వు అసలు సైజులోనే పడేంత దగ్గరగా తీస్తే, అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/11కి చిన్నది చేసినా ఆ లోతు మిల్లీమీటరున్నర దాటదు. పోనీ ఇంకా చిన్నదిగా ఎఫ్/32కి మూద్దామా అంటే, ఆ చిన్న రంధ్రంలో కాంతి చెదిరి బొమ్మంతా మెత్తబడుతుంది.

అందుకే నేను అపర్చర్ కన్నా ముందు కోణం చూసుకుంటాను. నాగలింగ పువ్వునే తీసుకోండి. కింద లింగం చుట్టూ కేసరాల వలయం, ఒక పక్క నుంచి లేచి దాని మీదికి వంగిన పడగ, పడగ లోపల కుచ్చు. అందరూ ఎదురుగా నిలబడి తీస్తారు. పడగ స్పష్టంగా వస్తే లింగం మసకబారుతుంది. పక్కకు జరిగి తీస్తే పడగ వంపు, కుచ్చు, కింది వలయం దాదాపు ఒకే తలంలోకి వస్తాయి. ఈ పూలు కాండం మీదే పూస్తాయి కాబట్టి మెడ నొప్పి కూడా ఉండదు.

అపోహ: ఎర్ర పువ్వు బాగా కనబడాలంటే రంగు పెంచాలి.

వాస్తవం: తగ్గించాలి. ఎరుపు మిగతా రంగుల కన్నా ముందే నిండిపోయి, రేకు మీది ఈనెలు మాయమై, ప్లాస్టిక్ పువ్వులా తేలుతుంది. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి తీసుకునే కాంతి) కొద్దిగా తగ్గించి, హిస్టోగ్రామ్‌లో, అంటే ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్‌లో, ఎరుపును విడిగా చూడండి. తెల్ల పువ్వు మరీ పేచీకోరు. ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిద రంగుకు దించుతుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ పెంచాలి. ముదురు ఆకుల మధ్య ఒంటరిగా ఉంటే మాడ్చేస్తుంది, అప్పుడు తగ్గించాలి.

అపోహ: ఎండ బాగా కాస్తేనే రంగులు వస్తాయి.

వాస్తవం: మబ్బు పట్టిన రోజుకు మించింది లేదు. మబ్బు లేదంటే పువ్వుకు గొడుగు పట్టండి, మీకు కాదు.

అపోహ: పుష్ప ప్రదర్శన రోజులే అనువైనవి.

వాస్తవం: జనవరి, ఆగస్టు ప్రదర్శనల్లో గాజు మేడ చూసి తీరాల్సిందే. ఫొటోల్లో మాత్రం పువ్వుల కన్నా ఫోన్లు పట్టుకున్న చేతులే ఎక్కువ పడతాయి. మామూలు రోజు పొద్దున్నే రండి. గాలి తక్కువ, తామరలు విచ్చి ఉంటాయి. చంద్రకాంత కావాలంటే మాత్రం సాయంత్రం దాకా ఆగాలి.

అపోహ: పువ్వు ఫొటో ఉంటే పేరు ఎప్పుడైనా కనుక్కోవచ్చు.

వాస్తవం: ఆకు, ఆకుల అమరిక, బెరడు, పేరు పలక, ఇవన్నీ తీసుకోవాలి. ఒకసారి గులాబీ రంగు తబెబుయా చెట్టు విరగబూసిందని మురిసిపోయి పువ్వులొక్కటే తీసుకొచ్చాను. క్యాటలాగు వాళ్లు ఆకు ఫొటో అడిగారు. చెట్టు నిండా పూలున్నప్పుడు ఒక్క ఆకూ లేదు. చిగురు వేసి ముదిరేదాకా ఆగి, ఆకుల కోసం మళ్లీ వెళ్లాను.