108 ముక్కల పెట్టె సరే, దాంతో మీ వెనక చక్రం ఊడుతుందా? లాంగ్ రైడ్ టూల్ కిట్: అపోహలు - వాస్తవాలు

లాంగ్ రైడ్ల సీజన్ వచ్చిందంటే నాకు వచ్చే ఫోటోలన్నీ ఒకేలా ఉంటాయి. ఒక ప్లాస్టిక్ పెట్టె, లోపల వరసగా మెరుస్తున్న సాకెట్లు, మూత మీద 108 ముక్కలు అని పెద్ద అక్షరాలు. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది తీసుకెళ్తే సరిపోతుందా?" జవాబు చెప్పే ముందు నేనో ప్రశ్న అడుగుతాను. మీ బండి వెనక చక్రాన్ని పట్టి ఉంచే యాక్సిల్ నట్టు సైజు ఎంత? బండ్లు బాగుచేయడం నా పని, రైడర్ల గుంపుల వెంట మెకానిక్‌గా కూడా వెళ్తుంటాను. ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పినవాళ్లు చాలా తక్కువ. వాళ్లను తప్పుపట్టను. ఎవరో ఒకరు తన పెట్టె చూపించి ఇవన్నీ లేకుండా బయలుదేరొద్దు అని భయపెడతారు, మొదటిసారి దూరం వెళ్లేవాళ్లకు అసలే టెన్షన్, అది చూసి కొనేస్తారు.

అపోహ: టూల్స్ ఎన్ని ఎక్కువ ఉంటే అంత సేఫ్

జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఒక ట్రిప్‌లో ఒక తమ్ముడికి వెనక చక్రం పంచర్ అయింది. స్పోక్ వీల్, లోపల ట్యూబ్. అతని దగ్గర స్పేర్ ట్యూబ్ ఉంది, టైరు లివర్లు ఉన్నాయి, పంపు ఉంది, ప్యాచీలు ఉన్నాయి, అన్నీ కొత్తవి. పెట్టె తెరిస్తే సాకెట్లు 4 నుంచి 19 మిల్లీమీటర్ల దాకా ఉన్నాయి. యాక్సిల్ నట్టు 24. నేను గుంపు చివర వస్తున్నాను, అక్కడికి చేరేసరికి దారినపోయే ఒకాయన ఇచ్చిన అడ్జస్టబుల్ స్పానర్‌తో ఆ నట్టును తిప్పబోయి మూలలు గుండ్రంగా అరగదీసేశారు. నా దగ్గర సరైన సైజు పానా ఉన్నా అప్పటికి అది పట్టలేదు. చివరికి బండిని ట్రక్కులోకి ఎక్కించాం. అతను రెండు నెలలుగా ప్లాన్ చేసుకున్న ప్రయాణం రెండో రోజే ఆగిపోయింది. ఆ పెట్టెలో ఉన్న స్క్రూడ్రైవర్ బిట్లు లెక్కపెట్టాను, నలభై పైనే. అతని బండికి పనికొచ్చేవి మూడు.

కాబట్టి కిట్ మీ బండి నుంచి మొదలవ్వాలి. ఒక సెలవు రోజు కూర్చుని, దారిలో రాగల పనులు మీ చేత్తో మీరే చేయండి: వెనక చక్రం ఊడదీసి మళ్లీ ఎక్కించడం, ముందు చక్రం కూడా, చైన్ బిగించడం, క్లచ్ కేబుల్ సరిచేయడం, బ్యాటరీ టెర్మినల్స్ విప్పి బిగించడం, ఫ్యూజ్ పెట్టె తెరవడం, మిర్రర్లు, లివర్లు ఊడదీయడం. పని చేస్తూ చేయి తగిలిన ప్రతి టూల్‌నీ ఒక గుడ్డ మీద పక్కన పెట్టండి. సాయంత్రానికి ఆ గుడ్డ మీద ఉన్నదే మీ కిట్. మిగతాది ఇంట్లో ఉండనివ్వండి.

ఆ గుడ్డ మీదకు ఏమొస్తాయన్నది బండిని బట్టి. జపాన్ బండ్లయితే ఎక్కువగా 8, 10, 12, 14, 17, 19 సైజులు తగులుతాయి, యూరప్ బండ్లలో 13 ఎక్కువ, బీఎండబ్ల్యూ లాంటి వాటిలో టార్క్స్ బోల్టులు (తల మీద ఆరు కోణాల నక్షత్రం గాడి ఉండేవి) చాలా ఉంటాయి, హార్లీ మోడళ్లలో చాలావాటికి అంగుళాల సైజులే. అలెన్ కీల్లో (ఆరు పలకల కడ్డీలు) 4, 5, 6, 8 దాదాపు ప్రతి బండికీ కావాలి. కొన్ని బండ్లకు ముందు యాక్సిల్ లోపలి నుంచి పెద్ద అలెన్ కీ పెట్టి తిప్పాలి, 17 ఉండొచ్చు, 19 ఉండొచ్చు, 22 కూడా ఉండొచ్చు, ఇవి ఏ రెడీమేడ్ పెట్టెలోనూ దాదాపు ఉండవు. స్టార్ స్క్రూల విషయంలో ఒక మాట: జపాన్ బండ్ల మీద ఉండేవి చాలావరకు ఫిలిప్స్ కావు, జేఐఎస్ అనే జపాన్ కొలత స్క్రూలు, తల మీద చిన్న చుక్క కనిపిస్తే అవే. ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి గట్టిగా తిప్పితే జారి గాడి అరిగిపోతుంది. తర్వాత స్క్రూ చెడ్డదని తిడతారు. సాకెట్లు కొనేటప్పుడు ఆరు మూలలవి తీసుకోండి, పన్నెండు మూలలవి బిగుసుకున్న నట్టు మీద త్వరగా జారతాయి.

సైజు ఒక్కటే చాలదు, బలం లెక్క కూడా ఉంది. పెద్ద బండ్ల వెనక యాక్సిల్ నట్టు 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగించి ఉంటుంది (మీ బండికి ఎంతో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అదే చూడండి). 20 సెంటీమీటర్ల పానాతో దాన్ని కదిలించాలంటే చివర దాదాపు 50 కిలోల బరువు వేసినంత బలం కావాలి. అదే 50 సెంటీమీటర్ల పొడవైతే 20 కిలోలు చాలు. బండితో పాటు వచ్చే చిన్న పానా వల్ల ఏమీ కాదని చాలామంది విసుక్కుంటారు, దానికి సరిపోయే గట్టి పైపు ముక్క ఒకటి తొడిగి చూడండి, సంగతి మారిపోతుంది. ఇంకా పెద్ద సమస్య ఎయిర్ గన్. కొత్త టైరు వేయించినప్పుడు గన్ పెట్టి బిగించేస్తారు, చెప్పిన దానికి రెట్టింపు బిగువు పడినా ఎవరూ చూడరు, రోడ్డు పక్కన దాన్ని మనిషి చేత్తో విప్పలేం. టైరు మార్పించిన రోజే ఇంటికొచ్చి యాక్సిల్ నట్టు ఒకసారి వదులు చేసి, టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు పడిందో చెప్పే పానా) సరిగ్గా బిగించుకోండి. టార్క్ రెంచ్ వెంట తీసుకెళ్లక్కర్లేదు.

ఇంకోటి చాలామంది మర్చిపోతారు. నట్టు ఊడింది సరే, చక్రం నేల మీంచి లేవాలిగా? సెంటర్ స్టాండ్ లేని బండికి ఇది పెద్ద చిక్కు. సైడ్ స్టాండ్ మీద బండిని వంచి, రెండో వైపు ఫ్రేమ్ కింద గట్టి కర్రో మడిచే స్టాండో పెట్టి లేపడం కుదురుతుంది, కానీ అది మొదటిసారి చీకట్లో ట్రక్కులు పోతున్న రోడ్డు పక్కన నేర్చుకునే పని కాదు. ఇంటి దగ్గర, పక్కన ఇంకో మనిషి ఉండగా చేసి చూడండి.

అపోహ: నాది ట్యూబ్‌లెస్, సీలెంట్ కూడా పోయించాను, పంచర్ కిట్ ఎందుకు?

సీలెంట్ అంటే టైరు లోపల పోసే జిగురు ద్రవం, అది సన్న మేకు చేసిన రంధ్రాన్ని మూస్తుంది. పెద్ద చీలికను మూయదు, పైగా లోపలంతా జిగురుగా ఉండటం వల్ల తర్వాత ప్లగ్గో (రంధ్రంలో దూర్చే రబ్బరు ముక్క) ప్యాచో పట్టడం కష్టమవుతుంది. ట్యూబ్‌లెస్ టైరుకు ఉన్న గొప్ప సుఖం ఏంటంటే చక్రం ఊడదీయకుండా బయటి నుంచే ప్లగ్ వేయొచ్చు. మేకు కనిపించగానే పీకేయకండి, ముందు ప్లగ్ సూదికి ఎక్కించి, జిగురు రాసి, పంపు సిద్ధం చేసుకుని, అప్పుడు పీకండి. పక్క గోడ చిరిగితే ప్లగ్ వేసి ప్రయాణం కొనసాగించడం ప్రమాదం, అక్కడితో ఆపేయాలి.

గాలి సంగతి. చిన్న సీవోటూ సిలిండర్ ఒక్కటి జేబులో పెట్టుకుని ధీమాగా వెళ్లేవాళ్లు ఉన్నారు. 16 గ్రాముల సిలిండర్‌లో ఉన్న వాయువు బయటికొస్తే ఎనిమిది తొమ్మిది లీటర్లే. సైకిలుకు అది చాలు, పెద్ద బండి వెనక టైరుకు ఏ మూలకూ రాదు. చేతి పంపు గానీ చిన్న 12 వోల్టుల కంప్రెసర్ గానీ పెట్టుకోండి. కంప్రెసర్ అయితే బండి మీద ఉండే ఛార్జింగ్ సాకెట్ దాని కరెంటుకు తట్టుకోకపోవచ్చు, నేరుగా బ్యాటరీకి పట్టించే క్లిప్పులు ఉన్నాయో లేదో చూసుకుని, ఒకసారి టైరులో గాలి మొత్తం తీసి నింపి చూడండి.

ట్యూబ్ టైరు వాళ్లు రెండు ట్యూబులు మోయలేకపోతే ముందు చక్రానిదే ఒకటి పెట్టుకోండి. 21 అంగుళాల ట్యూబ్‌ను అవసరానికి వెనక 18కి కూడా సర్దొచ్చు, నెమ్మదిగా తర్వాతి ఊరు చేరే వరకు పనికొస్తుంది.

అపోహ: ఇప్పటి బండ్లన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్, కంప్యూటర్ లేకుండా మనం చేసేదేమీ లేదు

ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే దీన్ని నమ్మిన మనుషులు రోడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడిపోతున్నారు. ఒక రాత్రి ఒకమ్మాయి ఫోన్ చేసింది, కొండ దారిలో ఒంటరిగా ఉంది, బండి స్టార్ట్ అవుతుంది, గేర్ వేయగానే ఆగిపోతుంది. గొంతు వణుకుతోంది. అంతకుముందే ఎవరో ఫోన్లో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోయిందని చెప్పేశారట, బండి చూడకుండానే! సైడ్ స్టాండ్ మొత్తం పైకి మడిచి, దాని దగ్గర ఉన్న స్విచ్ చుట్టూ మట్టి ఉందేమో చూడమన్నాను. బురద ఎండి గట్టిపడి ఉంది. స్టాండ్ ఇంకా కిందే ఉందనుకుంటే గేర్ వేయగానే ఇంజిన్‌ను ఆపేసేది ఆ స్విచ్చే. నీళ్లు పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, స్టాండ్ పది సార్లు మడిచి విప్పమన్నాను. బండి కదిలింది. ఆ రాత్రి ఆమెకు అవసరమైంది టూత్‌బ్రష్, తలకు కట్టుకునే లైటు, ఆ స్విచ్ ఏం చేస్తుందో చెప్పే ఒక మనిషి.

బండి ఆగిపోతే ముందు చూసేవి ఇవి: కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే మీట), సైడ్ స్టాండ్ స్విచ్, క్లచ్ లివర్ స్విచ్, బ్యాటరీ టెర్మినల్స్, ఫ్యూజులు, ఎక్కడైనా ఊడిన కనెక్టర్. దూర ప్రయాణపు కుదుపులకు బ్యాటరీ టెర్మినల్ బోల్టు వదులవడం నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. కిట్‌లో చిన్న మల్టీమీటర్ (కరెంటు వస్తోందో లేదో చూసే మీటరు), రెండు మూడడుగుల వైరు, ఇన్సులేషన్ టేపు, మీ బండికి సరిపోయే ఫ్యూజులు ఉంటే చాలు. ఫ్యూజ్ 10 ఆంపియర్లదైతే 10దే వేయాలి. 30ది వేస్తే, లేదా వైరు ముక్క చుడితే, ఈసారి కాలేది ఫ్యూజ్ కాదు, లోపలి వైరింగ్.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఒక అడ్జస్టబుల్ స్పానర్ అన్నిటికీ సరిపోతుంది అనేది తప్పు. పైన చెప్పిన తమ్ముడి నట్టు గుర్తుంది కదా.

చైన్ లింక్ ఏదైనా పర్లేదు అనేది కూడా తప్పు. 520, 525, 530 నంబరు చైన్లు మూడింటికీ పిన్నుల మధ్య దూరం ఒకటే, 15.875 మిల్లీమీటర్లు, వెడల్పులోనే తేడా, అందుకే కంటికి ఒకేలా అనిపిస్తాయి. మీ చైన్ నంబరుదే, వీలైతే అదే కంపెనీ లింక్ పెట్టుకోండి, తెగిన ముక్క తీయడానికి చైన్ బ్రేకర్ కూడా కావాలి. క్లిప్ లింక్ అయితే క్లిప్ మూసి ఉన్న వైపు చైన్ వెళ్లే దిశకు ఉండాలి.

స్పేర్ క్లచ్ కేబుల్ బ్యాగులో ఉంటే చాలు అనుకుంటారు. అంతకంటే మంచి పద్ధతి ఉంది: కొత్త కేబుల్‌ను పాతదాని పక్కనే అదే దారిలో లాగి, రెండు కొసలకూ టేపు చుట్టి ఉంచేయండి. తెగినప్పుడు ట్యాంకు ఊడదీసే పని తప్పుతుంది.

టూల్స్ వీపు బ్యాగులో పెట్టుకోవద్దు. పడితే ఆ ఇనుమంతా వెన్నెముక మీదే పడుతుంది. బండి మీద వీలైనంత కిందగా, మధ్యకు దగ్గరగా కట్టండి. గుడ్డలో చుట్టి కట్టిన కట్ట పెట్టెలా గలగలలాడదు, ఆ గుడ్డకు కాస్త నూనె పట్టిస్తే తుప్పు కూడా పట్టదు.

చివరిది గుంపుగా వెళ్లేవాళ్ల అపోహ: ఎవరో ఒకరు తెస్తారులే. ఎనిమిది బండ్ల గుంపులో ఐదు ప్యాచ్ కిట్లు ఉండి ఒక్క పంపు కూడా లేని రోజు నేను చూశాను, గంటన్నర దారి మీద ఎదురుచూశాం. పంపు, మల్టీమీటర్, చైన్ బ్రేకర్ గుంపుకు రెండేసి ఉంటే చాలు. యాక్సిల్ పానా, ట్యూబ్, కేబుల్, బ్రేకు, క్లచ్ లివర్లు, ఫ్యూజులు మాత్రం ఎవరి బండివి వాళ్లవే. బయలుదేరే ముందు రాత్రి అందరూ తమ కట్టలు విప్పి ఒకే దుప్పటి మీద పరచండి, ఒక్కొక్కరూ తన పానా తన యాక్సిల్ నట్టుకు తొడిగి చూపించాలి. పది నిమిషాల పని. ఎవరిదైనా సరిపోకపోతే తెచ్చుకోవడానికి ఇంకా టైమ్ ఉంటుంది.