చిచెన్ ఇట్సా వన్ డే టూర్: అపోహలు - వాస్తవాలు

మెక్సికోలోని కాన్‌కూన్‌కి వెళ్తున్న మనవాళ్ల నుంచి మా ఆఫీసుకు వచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: "ఒకచోట చాలా చవగ్గా ఉంది, ఇంకోచోట మూడింతలు చెబుతున్నారు. రెండూ చిచెన్ ఇట్సాకే కదండీ, తేడా ఏముంటుంది?" చిచెన్ ఇట్సా అంటే పెద్ద పిరమిడ్ ఉన్న పాత మాయా నగర శిథిలాలు. డబ్బూ రోజూ రెండూ పోయేది ఈ ఒక్క అపోహ వల్లే. అందుకే ముందు దీని గురించే వివరంగా చెబుతాను. మిగతావి ఆ తర్వాత.

అపోహ: ఏ టూర్ అయినా ఒకటే, వెళ్లేది ఆ పిరమిడ్ దగ్గరికేగా

పిరమిడ్ ఒకటే. కానీ దాని ముందు మీరు ఏ టైమ్‌కి నిలబడతారన్నది టూర్‌ని బట్టి మారిపోతుంది. ఎండ, జనం, గైడు మాట వినబడటం, ఫొటో, పిల్లల ఓపిక అన్నీ ఆ టైమ్ మీదే ఆధారపడతాయి.

చవక బస్సు రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఏడింటి ప్రాంతంలో హోటల్ దగ్గర ఎక్కించుకుంటారు. ఇంకో నాలుగైదు హోటళ్లు తిప్పుతారు. ఒక పాయింట్ దగ్గర దింపి పెద్ద బస్సులోకి మారుస్తారు. అక్కడి నుంచి బస్సు కదిలేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిది. కాన్‌కూన్ నుంచి చిచెన్ ఇట్సా సుమారు 200 కిలోమీటర్లు. టోల్ రోడ్డు మీద ఆగకుండా వెళ్తే రెండున్నర గంటలు. అయితే ఈ బస్సు ఆగకుండా వెళ్లదు. దారిలో వెండి నగలు, టెకీలా అమ్మే షాపు దగ్గర ముప్పావు గంట, సెనోటే (ఈత కొట్టే సహజమైన బావి) దగ్గర గంట, బఫే భోజనానికి మరో గంట ఆగుతుంది. గేటు దగ్గరికి చేరేసరికి నడి మధ్యాహ్నం. లోపల ఉండనిచ్చేది రెండు గంటలు, కొన్నిసార్లు గంటన్నరే. అందులో గంట గైడు వెనకాల, మిగిలినదాంట్లో బాత్రూం క్యూ. చీకటి పడ్డాక హోటల్‌కి చేరతారు. పన్నెండు పదమూడు గంటల ప్రయాణం చేసి, చూడటానికి వెళ్లినదాన్ని చూసేది రెండు గంటలు. టికెట్ చవకగా రావడానికి ఒక కారణం దారిలోని షాపు.

ఆ మధ్యాహ్నం ఎండను తేలిగ్గా తీసుకోకండి. ప్రధాన ఆవరణ మొత్తం గడ్డి మైదానం. పిరమిడ్ చుట్టూ నిలబడటానికి నీడే ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో 35 డిగ్రీలు దాటడం మామూలే, పైగా గాలిలో తేమ. విజయవాడ ఎండ తెలిసినవాళ్లం కదా అనుకుంటారు గానీ, విజయవాడలో పన్నెండు గంటలకి మైదానంలో మూడు కిలోమీటర్లు ఎవరూ నడవరు. పెద్దవాళ్లకి కళ్లు తిరిగేది ఎక్కువగా ఇక్కడే. మనిషికి కనీసం లీటరున్నర నీళ్లు, ఒక గొడుగు తప్పనిసరి.

సైట్ తెరిచేది ఉదయం 8 గంటలకి. మూసేది 5కి, లోపలికి అనుమతించేది 4 వరకే. ఎనిమిదింటికి గేటు దగ్గరుంటే మొదటి గంటన్నర మీది. కాన్‌కూన్ బస్సులు ఇంకా రావు, దుకాణాలవాళ్లు అప్పుడే సరుకు పరుచుకుంటూ ఉంటారు.

ఆ వేళ ఒక పని చేసి చూడండి. ఎల్ కస్తీయో పిరమిడ్ ఉత్తరం మెట్లకి ఎదురుగా, కొన్ని మీటర్ల దూరంలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు చప్పుడులా తిరిగి రాదు. పైనుంచి కిందికి జారే పక్షి కూతలా, "చ్యూవ్" అని వస్తుంది. 91 మెట్లలో ప్రతి మెట్టూ ఆ శబ్దాన్ని విడిగా వెనక్కి పంపుతుంది. కింది మెట్ల నుంచి ముందు, పై మెట్ల నుంచి ఒక్కో మెట్టుకీ మరికాస్త ఆలస్యంగా. ప్రతిధ్వనుల మధ్య ఎడం పెరిగేకొద్దీ స్వరం కిందికి జారుతుంది. మాయాలు పవిత్రంగా చూసిన కెట్సాల్ పక్షి కూతకి ఇది చాలా దగ్గరగా ఉందని శబ్దశాస్త్ర నిపుణుడు డేవిడ్ లుబ్మన్ 1998లో చూపించారు. కావాలనే అలా కట్టారా అన్నది వేరే చర్చ. మధ్యాహ్నం పది గుంపులు ఒకేసారి చప్పట్లు కొడుతూ, పక్కన దుకాణాలవాళ్లు జాగ్వార్ (చిరుతని పోలిన అక్కడి జంతువు) అరుపులా వినిపించే ఈలలు ఊదుతుంటే ఇది సరిగ్గా వినబడదు.

కాబట్టి బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి, జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. గేటు దగ్గరికి ఎన్నింటికి చేరుస్తారు? లోపల మొత్తం ఎన్ని గంటలు, అందులో గైడుతో ఎంత, విడిగా ఎంత? దారిలో ఎక్కడెక్కడ, ఏ వరుసలో ఆగుతారు? శిథిలాలు ముందు, సెనోటే తర్వాత, భోజనం ఆఖరున ఉంటే అది మంచి టూర్. లోపల మూడు గంటలకి తగ్గితే ఒప్పుకోకండి. కస్తీయో, బంతాట మైదానం, పుర్రెల వేదిక, యోధుల ఆలయం, వేయి స్తంభాల వరుస, పవిత్ర సెనోటే వరకు నడక, వీటికే రెండు గంటలు. దక్షిణం వైపు గుండ్రటి గోపురంలా ఉండే ఎల్ కరకోల్ వేధశాలకీ, దాని వెనక చెక్కడాలున్న కట్టడాలకీ ఇంకో గంట కావాలి. రెండు గంటల టూర్లు ఆ వైపు వెళ్లవు. కరకోల్ కిటికీల నుంచి శుక్రగ్రహాన్ని గమనించేవారని పరిశోధకులు చెబుతారు, అది చూడకుండా రావడం నిజంగా నష్టం.

వీలైతే ముందురోజు రాత్రి వయడోలిడ్ ఊళ్లో ఉండండి. అక్కడి నుంచి ముప్పావు గంటే. బస్సుంది, షేర్ వ్యాన్‌లున్నాయి. గేటు దగ్గర మెడలో గుర్తింపు కార్డుతో లైసెన్స్ గైడులు ఉంటారు. రెండు కుటుంబాలు కలిస్తే ఒక గైడు ఖర్చు భారం అనిపించదు. ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు మెక్సికో పౌరులకి ఉచితం కాబట్టి జనం విపరీతం.

అపోహ: అంతా ఒకే టైమ్ జోన్

కాన్‌కూన్ ఉన్నది కింతానా రో రాష్ట్రంలో, చిచెన్ ఇట్సా ఉన్నది యుకతాన్ రాష్ట్రంలో. కింతానా రో 2015 నుంచి ఒక గంట ముందుంది. మెక్సికోలో చాలాచోట్ల వేసవిలో గడియారాన్ని గంట ముందుకి జరిపే పద్ధతిని 2022లో ఎత్తేశారు కాబట్టి ఈ గంట తేడా ఏడాది పొడవునా ఉంటుంది. వెళ్లేటప్పుడు ఇది లాభమే. కాన్‌కూన్‌లో ఆరింటికి బయల్దేరితే అక్కడి టైమ్ ప్రకారం ఏడున్నరకే గేటు దగ్గర ఉంటారు. వచ్చేటప్పుడు ఆ గంట పోతుంది. నాలుగింటికి బయల్దేరితే చేరేసరికి కాన్‌కూన్‌లో ఏడున్నర. అదే రాత్రికి ఫ్లైట్ పెట్టుకోవడం ప్రమాదం.

ఇంకో చిక్కు. రోమింగ్ ఉన్న ఫోన్ తనంతట తానే టైమ్ మార్చుకుంటుంది, వైఫై మాత్రమే వాడేవాళ్ల ఫోన్ మారదు. భార్య ఫోన్‌లో ఒంటిగంట, భర్త ఫోన్‌లో రెండు. గైడు "రెండింటికి బస్సు దగ్గర" అన్నప్పుడు "ఎక్కడి రెండు?" అని అక్కడికక్కడే అడిగేయండి, మొహమాటపడకండి.

అపోహ: టూర్ ధరలో ఎంట్రీ కలిసే ఉంటుంది

చాలా టూర్లలో ఉండదు. చిచెన్ ఇట్సాలో రెండు రుసుములు: ఒకటి కేంద్ర ప్రభుత్వ పురావస్తు సంస్థది, రెండోది యుకతాన్ రాష్ట్రానిది. రెండూ కలిపి విదేశీయులకి మనిషికి 600 పెసోలు దాటుతుంది. సాధారణంగా జనవరిలో రేట్లు పెంచుతారు, వెళ్లేముందు తాజా రేటు చూసుకోండి. చవక టూర్లు దీన్ని బస్సు ఎక్కాక "ప్రిజర్వేషన్ ట్యాక్స్" పేరుతో వసూలు చేస్తాయి, అదీ డాలర్లలో, తమకి అనుకూలమైన రేటుకి. నలుగురి కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. దీనికి తోడు సెనోటేలో లైఫ్ జాకెట్, లాకర్, బఫేలో నీళ్లు, కూల్‌డ్రింకులు. అన్నీ కూడితే చవక టూర్ చవకగా ఉండదు. పెసోలు చేతిలో ఉంచుకోండి. డ్రోన్‌కి అనుమతి లేదు, ట్రైపాడ్ గేటు దగ్గరే ఆపేస్తారు.

అపోహ: పిరమిడ్ ఎక్కవచ్చు

ఎక్కకూడదు. 2006లో ఒకావిడ పడి చనిపోయాక మూసేశారు. పాత ఫొటోలు చూసి ఆశపెట్టుకోకండి. తాడు దాటి ఎక్కినవాళ్లని పోలీసులు పట్టుకుని జరిమానా వేసిన సందర్భాలున్నాయి. పిరమిడ్ లోపలి సొరంగం, అందులోని ఎర్ర జాగ్వార్ సింహాసనం కూడా సందర్శకులకి మూసే ఉన్నాయి.

అపోహ: ఈత రాకపోతే సెనోటేలో దిగలేం

భయపడేవాళ్లు మొహమాటంతో చెప్పరు, ఒడ్డున కూర్చుంటారు. అది అక్కర్లేదు. ముందుగా ఒక మాట: శిథిలాల లోపలున్న పవిత్ర సెనోటేలో ఎవరూ దిగరు, అది చూడటానికే. ఈత కొట్టేది దగ్గర్లోని ఇక్ కిల్ లాంటి చోట్ల. సున్నపురాయి కింద నీరు తొలిచిన గుహ పైకప్పు కూలితే ఏర్పడే సహజమైన బావే సెనోటే. ఇక్ కిల్‌లో నీటిమట్టం నేల నుంచి 26 మీటర్ల కింద ఉంటుంది, అంటే ఎనిమిది అంతస్తులు దిగి మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిర్ణయించుకోవాల్సింది ఈ మెట్ల గురించి. అవి తడిగా ఉంటాయి, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి.

మన దిగుడు బావిలాగా మెల్లగా లోతు పెరగదు. ఆఖరి మెట్టు దాటితే కాలు అందదు. లైఫ్ జాకెట్ ఇస్తారు. పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది పెద్ద సైజు, మార్పించుకోండి. నిచ్చెన పట్టుకుని వెనక్కి తిరిగి దిగండి, తాడు పట్టుకుని ఉండండి. నీళ్లు చల్లగా ఉంటాయి, మొదటి అర నిమిషం ఊపిరి బిగపట్టినట్టు అనిపిస్తుంది, అది సహజం. దిగేముందు షవర్ తప్పనిసరి. సన్‌స్క్రీన్, దోమల క్రీమ్, తలనూనె ఏదీ ఒంటిమీద ఉండకూడదు, ఎందుకంటే ఆ నీరు భూగర్భ జలాలతో కలిసే ఉంటుంది. అందుకే క్రీముకి బదులు ఫుల్ చేతుల స్విమ్ షర్ట్ మేలు.

అపోహ: "సిన్ కార్నె" అంటే శాకాహారం

"మాంసం లేకుండా" అని దానర్థం. బీన్స్‌లో పంది కొవ్వు వేయవచ్చు, అన్నం చికెన్ రసంతో వండి ఉండవచ్చు. లైమ్ సూప్ పేరు చూసి మోసపోకండి, అందులో కోడిమాంసం ఉంటుంది. "సిన్ మాంతేకా, సిన్ కాల్దో దె పోయో" అని అడగండి: కొవ్వు వద్దు, చికెన్ రసం వద్దు అని. గుడ్డు తినేవాళ్లకి పాపద్సూలెస్ మంచి ఎంపిక: గుమ్మడి గింజల ముద్దలో ముంచిన మొక్కజొన్న రొట్టెలు, లోపల ఉడికిన గుడ్డు. హబనేరో చట్నీ మాత్రం గుంటూరు మిర్చి అలవాటుతో గరిటెడు వేసుకోకండి. ఇది దానికంటే ఎన్నో రెట్లు ఘాటు, ముందు చెంచా కొసతో రుచి చూడండి.

వాట్సాప్ అపోహలు, గబగబా

మాయా నాగరికతకీ మయుడికీ మయసభకీ సంబంధం ఉందనడానికి ఏ ఆధారమూ లేదు. పేర్లు వినడానికి ఒకేలా ఉన్నాయి, అంతే. వాళ్ల లిపిని చాలావరకు చదివేశారు, అందులో వాళ్ల రాజుల పేర్లు, యుద్ధాలు, తేదీలు ఉన్నాయి. సున్నాని గవ్వ గుర్తుతో రాసేవారు. అది వాళ్లంతట వాళ్లు సాధించిన ఘనత, మనకి అంటగట్టుకోవడం న్యాయం కాదు.

మాయాలు మాయమైపోలేదు. యుకతెక్ మాయా భాష మాట్లాడేవాళ్లు ఈనాటికీ మెక్సికోలో ఏడు లక్షలకు పైగా ఉన్నారు. మీ డ్రైవర్, అక్కడ బొమ్మలమ్మే అమ్మ మాయాలే కావచ్చు. చిచెన్ ఇట్సా అన్న పేరు కూడా వాళ్ల మాటే: ఇట్సా అనే మాయా తెగవాళ్ల బావి ముఖద్వారం అని.

బంతాటలో గెలిచినవాళ్లనే బలి ఇచ్చేవారన్న మాట గైడుల నోట వింటారు. తల తెగిన ఆటగాడు గోడ మీద ఉన్నాడు, మెడ నుంచి నెత్తురు పాముల్లా చిమ్ముతుంది. అతను గెలిచినవాడా ఓడినవాడా అన్నది ఆ చెక్కడం చెప్పదు.

"మాయా క్యాలెండర్" అని అమ్మే గుండ్రటి రాళ్లలో చాలావరకు, మధ్యలో నాలుక చాచిన ముఖం ఉన్నవి, ఆజ్టెక్‌లనే వేరే జాతివాళ్ల సూర్యశిలకి నకళ్లు. అసలుది 1790లో మెక్సికో సిటీలో దొరికింది, అక్కడి మ్యూజియంలోనే ఉంది. నచ్చితే కొనుక్కోండి, మాయా పేరుతో ఎక్కువ ధర ఇవ్వకండి.

పిరమిడ్ మెట్ల అంచు మీద పాములా పడే నీడ మార్చి 20, 21, సెప్టెంబరు 22, 23 తేదీల్లోనే కనిపిస్తుందనడం పొరపాటు. సాయంత్రం ఎండ ఉంటే అటూ ఇటూ కొన్ని రోజులు దాదాపు అలాగే కనిపిస్తుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ రెండు రోజుల తొక్కిసలాట తప్పించుకుని రెండు రోజులు ముందో వెనకో వెళ్లండి.

అపోహ: అమెరికాలో ఉంటే మెక్సికోకి వీసా అక్కర్లేదు

భారతీయ పాస్‌పోర్టుకి మెక్సికో వీసా కావాలి. పాస్‌పోర్టులో గడువు తీరని అమెరికా వీసా స్టాంపు గానీ, చేతిలో గ్రీన్‌కార్డు గానీ ఉంటే మినహాయింపు. ఐ-797 కాగితం (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే ఆమోద పత్రం) వీసా కాదు. స్టాంపు గడువు అయిపోయినవాళ్లు 30 రోజుల్లోపు తిరిగొస్తే అమెరికా రానిస్తుందన్న రూల్‌ని నమ్ముకుని బయల్దేరుతుంటారు. ఆ రూల్ అమెరికాలోకి తిరిగి రావడానికి, అదీ కొన్ని షరతులతో. మెక్సికోలోకి అడుగు పెట్టడానికి అది పనికిరాదు, ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. స్టాంపు తేదీ చూశాకే టూర్ డబ్బు కట్టండి.

మధ్యాహ్నం చేరే బస్సు టూర్ ఇప్పటికే కొనేసి ఉంటే

కంగారు పడకండి. ముందు క్యాన్సిలేషన్ గడువు చూడండి, చాలా టూర్లలో 24 గంటల ముందు వరకు మార్చుకోవచ్చు. వీలుకాకపోతే, గైడు వదిలేశాక పిరమిడ్ ముందు ఎండలో నిలబడకుండా నేరుగా పవిత్ర సెనోటే దారి పట్టండి. సుమారు 300 మీటర్ల ఆ పాత రాతి బాటకి రెండు వైపులా చెట్లున్నాయి. చివర్లో కూర్చుని నీళ్లు తాగండి. వెనక్కి వచ్చేటప్పుడు పిరమిడ్ దగ్గర ఫొటోలు తీసుకోండి. ఆలస్యంగా వచ్చిన బస్సైతే మూడున్నర ప్రాంతంలో గుంపులు పలచబడతాయి, మెట్ల ముందు నిలబడి చప్పట్లు కొట్టడానికి చోటు దొరుకుతుంది.