ఇల్లు కొత్తగా కనపడాలంటే మొత్తం మార్చాలా? బెజవాడ, గుంటూరు ఇళ్ళ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

మాది ఇంటీరియర్ పని. కొత్త ఇళ్ళ కంటే పదిహేను ఇరవై ఏళ్ళ కిందట కట్టిన ఇళ్ళకే మమ్మల్ని ఎక్కువ పిలుస్తారు. గుమ్మంలో అడుగుపెట్టగానే వినపడే మాట "మొత్తం మార్చేద్దామండీ, ఇల్లు చూడబుద్ధి కావట్లేదు" అని. తీరా లోపలికెళ్ళి చూస్తే మార్చాల్సినవి మూడో నాలుగో ఉంటాయంతే. ఇల్లు కళ తప్పడానికి కారణం ఒకచోట ఉంటే డబ్బులు ఇంకోచోట పోస్తున్నారు, కష్టపడి దాచుకున్న డబ్బు అలా పోతుంటే చూడలేక ఇది రాస్తున్నా.

అపోహ: గోడ పెచ్చులూడుతుంటే పైన పీవీసీ ప్యానెల్సో వాల్‌పేపరో వేస్తే పోతుంది

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేది ఇదే, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను. గోడలో చెమ్మ ఉంటే ఆ నీళ్ళతో పాటు ఇటుకలో, సిమెంట్‌లో ఉన్న ఉప్పు కూడా కరిగి బయటికొస్తుంది, పైకొచ్చాక నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మాత్రం గట్టిపడి రంగుని, పుట్టీని లోపల్నుంచి నెట్టేస్తుంది. గోడ ఉబ్బడం, తెల్లటి పొడి రాలడం అంతా దీనివల్లే. దాని మీద ప్యానెల్ కొడితే చెమ్మ ఎటూ పోదు, వెనకాల నల్లగా బూజు పట్టి ఆ వాసన బట్టల అల్మరాల్లోకి కూడా వెళ్తుంది.

పటమటలో ఒకళ్ళింట్లో హాల్ గోడకి ప్యానెల్స్ వేయమని పిలిచారు. గోడ మీద మోకాలెత్తు దాకా మరక ఉంది, వేలితో నొక్కితే పుట్టీ పిండిలా రాలింది. గోడకి అవతల పక్క ఏముందమ్మా అనడిగితే బాత్రూం అన్నారు. ప్లంబర్ని పిలిపించి చూస్తే గోడలో పోయే పైపు జాయింట్ దగ్గర కారుతోంది. దాన్ని సరిచేసి, పాడైన మేర ప్లాస్టరింగ్ ఇటుక కనపడేదాకా చెక్కించి, ఫ్యాన్ పెట్టి బాగా ఆరనిచ్చి, మళ్ళీ ప్లాస్టరింగ్ చేయించి నెల ఆగి అప్పుడు ప్రైమర్ వేశాం. ఆవిడకి ఇంత ఆలస్యమేంటని కోపమొచ్చిన మాట నిజమే గానీ ప్యానెల్స్‌కి అయ్యే దాంట్లో సగం కూడా అవ్వలేదు.

మీ ఇంట్లో మీరే చూసుకోవచ్చు. ఒక అడుగు చదరం పాలిథిన్ కవర్ తీసుకుని గోడకి నాలుగు పక్కలా గాలి చొరకుండా టేప్ అంటించి రెండ్రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచే వస్తోందని, గది వైపు పడితే గదిలో గాలి ఆడట్లేదని అర్థం. రెండోదైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తోనే చాలావరకు సర్దుకుంటుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి మునిగిన సింగ్‌నగర్ వైపు ఇళ్ళకి ఇంకా జాగ్రత్త కావాలి. రోజుల తరబడి నీళ్ళలో నానిన తొమ్మిదంగుళాల గోడ పైకి ఆరినట్టు కనపడుతుంది గానీ లోపల ఆరడానికి నెలలు పడుతుంది, తొందరపడి పుట్టీ పెట్టించిన గోడలకి మళ్ళీ ఉప్పు లేస్తుంది. పైన చెప్పిన కవర్ పరీక్ష చేశాకే రంగు సంగతి.

అపోహ: పాత మొజాయిక్ ఫ్లోరింగ్ తీయించి టైల్స్ వేయించాల్సిందే

గవర్నర్‌పేటలో గానీ గుంటూరు బ్రాడీపేటలో గానీ పాత ఇళ్ళల్లో మొజాయిక్ చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. మాసిపోయింది పైన పొర మాత్రమే, కింద పాలరాతి ముక్కలు అలాగే ఉన్నాయి. పాలిషింగ్ మిషన్ పెట్టి ముందు గరుకు రాయి, తర్వాత మధ్యరకం, ఆఖర్న నున్నటి రాయితో నీళ్ళు పోస్తూ అరగదీసి ఆక్సాలిక్ పౌడర్‌తో మెరుగు పెడితే ఆ ముక్కల రంగులన్నీ పైకి తేలతాయి. పాలిష్ చేసేటప్పుడు ఇల్లంతా తెల్లటి బురద అవుతుంది, కాబట్టి ఒక్కో గది ఖాళీ చేసుకుంటూ చేయించుకోవాలి.

పాత ఫ్లోర్ మీదే టైల్స్ వేయిస్తాం అనేవాళ్ళు ఒకటి ఆలోచించండి, నేల ఎత్తు పెరుగుతుంది, తలుపులన్నీ కింద కోయించాలి, బాత్రూం గడప దగ్గర తేడా వస్తుంది. ఇంకోటి, దయచేసి యాసిడ్ పోసి కడక్కండి. పాలరాయినీ సిమెంట్‌నీ రెండిటినీ యాసిడ్ తినేస్తుంది, ఆరోజుకి తెల్లగా కనపడినా నేల గరుకెక్కి మట్టి ఇంకా తొందరగా పట్టుకుంటుంది.

అపోహ: తెల్ల రంగు వేస్తే ఏ గదైనా పెద్దగా, వెలుతురుగా కనపడుతుంది

వెలుతురొచ్చే గదికైతే నిజమే. మన అపార్ట్‌మెంట్లలో పక్క బిల్డింగ్ గోడ చెయ్యి చాపితే అందుతుంది, అలాంటి గదికి తెల్ల రంగేస్తే బూడిద రంగులా కనపడుతుంది. అక్కడ లేత పసుపో గంధం రంగో బాగుంటుంది. షేడ్ కార్డులో చూసి ఖాయం చేసుకోవద్దు, గోడంతా పడ్డాక రంగు ఇంకా ముదురుగా కనపడుతుంది, చిన్న శాంపిల్ డబ్బా కొని రెండడుగుల మేర పూసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటేసి చూడండి. మరకపడిన చోట మాత్రమే టచప్ చేస్తే మచ్చలా తెలుస్తుంది, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆ గోడ ఒక్కటీ పూర్తిగా వేయించండి. సీలింగ్ మర్చిపోతారు అందరూ, ఫ్యాన్ చుట్టూ పట్టిన నల్ల మరక మీద ఒక కోటు పడితే గది సగం మారిపోతుంది.

రంగు కంటే ముందు చూడాల్సింది అసలు లైట్. ఎక్కువ ఇళ్ళల్లో గోడకి ఒకే ఒక్క ట్యూబ్‌లైట్, అదీ 6500 కె (కెల్విన్, లైట్ రంగుకి కొలత) నీలం తెలుపు, దాని కింద క్రీమ్ కలర్ గోడలు పాలిపోయినట్టు ఉంటాయి. డబ్బా మీద ఆ నంబర్ ఉంటుంది, హాల్‌కి, బెడ్‌రూంకి 3000 కె, వంటింటికి 4000 కె తీసుకోండి. ఒకే పెద్ద లైట్ బదులు మూలకో చిన్నది పెడితే నీడలు పోతాయి. మీరు పెట్టే ఖర్చులో ఇంత తేడా తెచ్చేది ఇంకోటి లేదని గట్టిగా చెప్తాను.

అపోహ: మందపాటి కర్టెన్లు వేస్తే పడమటి ఎండ ఆగుతుంది

అద్దం దాటి ఎండ లోపలికొచ్చాక కర్టెన్ కొంతే ఆపుతుంది, వేడి అప్పటికే గదిలోకి వచ్చేసింది కదా. మే నెల ఎండకి బయటివైపే అడ్డం కావాలి, బాల్కనీకి వెదురు చిక్, అంటే వెదురు పుల్లల తెర, కట్టించండి. లోపల పల్చటి నూలు గుడ్డ చాలు. పక్కనే మంగళగిరి చేనేత ఉంది, కాస్త ఇటు పోతే పెడన అచ్చు కలంకారీ ఉంది, మెరిసే పాలిస్టర్ కొనడం ఎందుకో నాకర్థం కాదు. నూలు గుడ్డని ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే కుట్టించాలి, లేదంటే మొదటి ఉతుక్కే పొట్టిదవుతుంది. రాడ్ కిటికీ ఫ్రేమ్‌కి ఆనించకుండా అరడుగు పైన, పక్కలకి కూడా అంతే బయటికి పెట్టించి కర్టెన్ నేల దాకా దించితే సీలింగ్ ఎత్తుగా కనపడుతుంది.

అపోహ: సోఫా కుంగిపోతే కొత్తది కొనాల్సిందే

టేకు ఫ్రేమ్ గట్టిగా ఉంటే ఫోమ్, గుడ్డ మార్చండి చాలు. ఫోమ్ కొనేటప్పుడు మందం ఒక్కటే అడుగుతారు, డెన్సిటీ, అంటే ఫోమ్ ఎంత చిక్కగా ఉందో చెప్పే నంబర్, అడగాలి, రోజూ కూర్చునే సీటుకి 40 మంచిది. పాలిష్ సంగతికొస్తే లక్క పాలిష్ చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్ల మరక పడుతుంది, టీపాయ్‌కి, డైనింగ్ టేబుల్‌కి పీయూ (పాలియూరిథేన్) పాలిష్ వేయించండి.

షోకేస్ విషయం కూడా చెప్పాలి. కొండపల్లి బొమ్మలు నలభై కుక్కేస్తే ఒక్కటీ కనపడదు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కే మనిషి, ఇలా నాలుగైదు పెట్టి మిగతావి పాత నూలు గుడ్డల్లో చుట్టి దాచి ఏడాదికోసారి మార్చండి. అవి తేలికైన పొణికి చెక్కతో చేసినవి, తడిగుడ్డతో రుద్దొద్దు, మెత్తటి పొడి బ్రష్ చాలు.

అపోహ: రంగులు పండగ లోపే అయిపోవాలి

సంక్రాంతి ముందు పెయింటర్లకి ఊపిరాడదు, ఒక కోటు ఆరకుండానే రెండోది వేసేసి ఇంకో ఇంటికి పరిగెడతారు. పండగైపోయాక ఫిబ్రవరిలో పెట్టుకుంటే గాలి పొడిగా ఉంటుంది, మనుషులు దొరుకుతారు, కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద రాసిన టైమ్ ఆగమని మీరు గట్టిగా అడగొచ్చు కూడా.